లెక్కలు రాకనా, రావన్న భయంతోనా?

మనస్తత్వశాస్త్రం, విద్యాశాస్త్రం, నర్సింగ్ వంటి కోర్సుల్లో గణాంక శాస్త్రం కూడా చదవాల్సి వస్తుంది. "లెక్కలు ఎప్పుడో వదిలేశాను, ఇది నావల్ల కాదు" అని కొందరు మొదటి తరగతికి ముందే తేల్చేసుకుంటారు. దీనికి కారణం లెక్కలు రాకపోవడమా, రావన్న భయమా?

ఒక పనిని చేయగలనని మనిషికి ఉండే నమ్మకాన్ని మనస్తత్వవేత్త ఆల్బర్ట్ బందూరా 1977లో 'సెల్ఫ్ ఎఫికసీ' అన్నారు. స్వయంగా సాధించిన అనుభవం, తనలాంటివారు సాధించడం చూడటం, ఇతరుల ప్రోత్సాహం, భావోద్వేగ స్థితి దానికి మూలాలని వివరించారు.

గణాంక శాస్త్రంలో ఈ నమ్మకాన్ని కొలవడానికి అమెరికా పరిశోధకులు సారా ఫిన్నీ, గ్రెగరీ ష్రా 2003లో 14 అంశాల ప్రశ్నావళి రూపొందించారు. ఒక్కో పనిని చేయగలనన్న నమ్మకానికి విద్యార్థి 1 నుంచి 6 వరకు పాయింట్లు ఇవ్వాలి. 12 వారాల బోధన తర్వాత ఈ స్కోరు దాదాపు రెండు క్రమ విచలనాల మేర పెరిగింది. అంటే ఈ నమ్మకం పుట్టుకతో స్థిరపడిపోయేది కాదు.

మరి దాన్ని ముందుగా సూచించేవి ఏవి? పాత మార్కులు, ఆందోళన, ఇదివరకు చదివిన కోర్సులు ఒకదానితో ఒకటి ముడిపడి ఉంటాయి. ఈ ముడి విప్పడానికి వాడేదే మల్టిపుల్ రిగ్రెషన్. 1899లోనే బ్రిటిష్ గణాంకవేత్త అడ్నీ యూల్ ఇంగ్లండ్‌లో పేదరికపు మార్పులకు కారణాలు వెతకడానికి దీన్ని వాడారు.

ఒక ఊహా లెక్క చూద్దాం. మార్కులను మాత్రమే తీసుకుంటే, ప్రతి 10 మార్కులకూ నమ్మకం స్కోరు 4 పాయింట్లు పెరిగిందనుకోండి. ఆందోళనను కూడా సమీకరణంలో చేర్చగానే అది 1 పాయింటుకు తగ్గవచ్చు. ఒకే స్థాయి ఆందోళన ఉన్నవారిని పోల్చినప్పుడు మార్కుల తేడా అంతే పనిచేస్తోందన్నమాట.

అయితే సూచిక వేరు, కారణం వేరు. భయం నమ్మకాన్ని తగ్గిస్తోందా, నమ్మకం లేకపోవడమే భయాన్ని పెంచుతోందా అన్నది ఒక్కసారి చేసిన సర్వే తేల్చలేదు. సూచికలు మరీ గాఢంగా ముడిపడితే, వాటి విడివిడి ప్రభావాల అంచనాలూ నమ్మదగినవిగా ఉండవు.

అయినా ఈ విశ్లేషణ అధ్యాపకులకు దారి చూపుతుంది. పునాది లోపమే ప్రధానంగా కనిపిస్తే అదనపు లెక్కల తరగతులు పెట్టి చూడవచ్చు. ఆందోళన ప్రధానమైతే, మొదటి వారంలోనే సగటు, క్రమ విచలనం వంటి చిన్న లెక్కలు విద్యార్థి చేతే చేయించి, సాధించానన్న అనుభవం కలిగించి చూడాలి. ఏది ఫలించిందో కోర్సు చివర మళ్లీ కొలిస్తే తెలుస్తుంది.