15 చుక్కలు, సందు చుక్క: ముగ్గులో దాగిన ప్రోగ్రామింగ్

సంక్రాంతి నెలలో పత్రికలు అచ్చువేసే ముగ్గుల కింద ఒక చిన్న వాక్యం ఉంటుంది: ‘15 చుక్కలు, సందు చుక్క, 8 వచ్చేవరకు’. ముగ్గు వేయడం తెలిసినవారికి ఈ మాట చాలు. నడిమి వరుసలో 15 చుక్కలు పెడతారు. దానికి పైనా కిందా సందుల్లోకి వచ్చేలా 14, తర్వాత 13, అలా 8 దాకా తగ్గిస్తారు. మొత్తం 169 చుక్కలు. అదే ‘ఎదురు చుక్క, 1 వచ్చేవరకు’ అంటే వరుసకు రెండేసి తగ్గి 113 చుక్కలే అవుతాయి.

ఎక్కడ మొదలుపెట్టాలి, ప్రతిసారీ ఏం మార్చాలి, ఎప్పుడు ఆపాలి: ఈ మూడూ చెబితే అది ప్రోగ్రామే. బొమ్మను గీయకుండా, బొమ్మను పుట్టించే నియమాన్ని రాయడాన్నే ‘జెనరేటివ్ డిజైన్’ అంటున్నారు.

ఈ పోలికను పరిశోధకులు ఎప్పుడో పట్టుకున్నారు. మద్రాస్ క్రిస్టియన్ కాలేజీకి చెందిన గిఫ్ట్ సిరోమణి, రాణీ సిరోమణి దంపతులు, కమలా కృతివాసన్‌తో కలిసి 1974లో తమిళనాడు ముగ్గులపై ఒక పరిశోధనా పత్రం ప్రచురించారు. భాషకు వ్యాకరణం ఉన్నట్టే ముగ్గుకూ ఉంటుందనీ, కొద్దిపాటి సూత్రాలతో ఒకే కుటుంబానికి చెందిన ముగ్గులను ఏ పరిమాణంలోనైనా పుట్టించవచ్చనీ అందులో చూపించారు.

పెట్టెలు, తీగలు

నియమాలను కోడ్‌గా రాయడానికి 2001లో కేసీ రియాస్, బెన్ ఫ్రై కళాకారుల కోసం ‘ప్రాసెసింగ్’ తయారుచేశారు. దాని వారసురాలు ‘పీ5.జేఎస్’ బ్రౌజర్‌లోనే నడుస్తుంది. కోడ్ రాయకుండా పనిచేసేవి విజువల్ ప్రోగ్రామింగ్ పరికరాలు. ఆర్కిటెక్టులు వాడే గ్రాస్‌హాపర్, త్రీడీ బొమ్మలకు బ్లెండర్‌లోని జామెట్రీ నోడ్స్, సంగీతానికి మ్యాక్స్, ప్యూర్ డేటా ఈ కోవలోవే.

వీటి పనితీరు భిలాయివాసులకు సులువుగా అర్థమవుతుంది. అక్కడి ఉక్కు కర్మాగారంలో కోక్ ఓవెన్లలో తయారైన కోక్, ఇనుప ఖనిజంతో పాటు బ్లాస్ట్ ఫర్నేస్‌కు చేరుతుంది. అక్కడి ద్రవ ఇనుము ఉక్కు తయారీ విభాగానికి, ఆ ఉక్కు రైలు పట్టాల మిల్లుకు వెళ్తుంది. ఒక విభాగం ఇచ్చేది తర్వాతి విభాగానికి ముడిసరుకు. విజువల్ ప్రోగ్రామింగ్‌లోనూ అంతే. తెర మీద ప్రతి పెట్టె ఒక పని చేస్తుంది, తీగ ఆ ఫలితాన్ని తర్వాతి పెట్టెకు అందిస్తుంది. మొదటి పెట్టెలో 15ను 21గా మారిస్తే చివరన ముగ్గు మొత్తం అప్పటికప్పుడు మారిపోతుంది.

ఇబ్బందీ ఉంది. పని పెద్దదయ్యేకొద్దీ తీగలు చిక్కుపడతాయి. పదేపదే తిరిగే లెక్కలను చాలాసార్లు కోడ్‌లో రాయడమే తేలిక.

అదే నియమం, ఈసారి తాళం

యూక్లిడ్ క్రీస్తుపూర్వం 300 ప్రాంతంలో రెండు సంఖ్యల గరిష్ఠ సామాన్య భాజకం కనుక్కునే పద్ధతి చెప్పాడు. కొన్ని దెబ్బలను ఒక ఆవృతంలో వీలైనంత సమంగా పంచడానికి ఆ పద్ధతే వాడితే ప్రపంచంలోని ఎన్నో సంప్రదాయ లయలు వస్తాయని గాడ్‌ఫ్రీడ్ టూసాన్ 2005లో చూపించారు.

8 అక్షరాల్లో 3 దెబ్బలు పంచితే 3+3+2. ఇది క్యూబా సంగీతంలో వినిపించే లయ. 5లో 2 పంచితే 2+3, మన ఖండచాపు. 7లో 3 పంచి, మొదలుపెట్టే చోటు జరిపితే 3+2+2, మిశ్రచాపు. ప్యూర్ డేటాలో దీనికి నాలుగైదు పెట్టెలు చాలు. ‘మెట్రో’ అనే పెట్టె నిర్ణీత వ్యవధికోసారి సంకేతం పంపుతుంది. తర్వాతిది అక్షరాలు లెక్కపెడుతుంది. ఇంకొకటి ఏ అక్షరం మీద దెబ్బ పడాలో చూస్తుంది. చివరిది శబ్దం చేస్తుంది.

బొమ్మకూ పాటకూ నేరుగా వంతెన వేసిన ప్రయోగమూ ఉంది. మొక్కల పెరుగుదలను వివరించడానికి లిండెన్‌మేయర్ 1968లో కొన్ని సూత్రాలు ప్రతిపాదించాడు. ప్రుసింకీవిచ్ 1986లో అలాంటి సూత్రాలతో గీసిన వంకర గీతనే స్వరాలుగా మార్చాడు. అడ్డగీత ఎంత ఎత్తున ఉంటే అంత స్థాయి స్వరం, ఎంత పొడవుంటే అంత నిడివి.

దాచుకోవాల్సింది ఏది?

ఇప్పుడు ఏఐని అడిగితే క్షణాల్లో ముగ్గు బొమ్మ ఇస్తుంది. అయితే అలా వచ్చిన చిత్రంలో చుక్కల లెక్క కుదరాలనేమీ లేదు. గీత చుక్కను చుట్టకుండా మధ్యలో మాయం కావచ్చు. పైగా ఆ బొమ్మను పెద్దది చేయగలమే తప్ప, 15 చుక్కల ముగ్గును 21 చుక్కల ముగ్గుగా పెంచలేం. అందులో బొమ్మే ఉంది, విధానం లేదు.

సొంతగడ్డకు దూరంగా పెరిగే పిల్లల విషయంలో ఈ తేడా మరీ ముఖ్యం. భిలాయి కర్మాగారంలో తొలి బ్లాస్ట్ ఫర్నేస్ 1959లో మొదలైంది. ఆ పనుల కోసం ఉత్తరాంధ్ర నుంచి వెళ్లిన తెలుగు కుటుంబాలు ఆ ప్రాంతంలోనే స్థిరపడ్డాయి. వారి వెంట వెళ్లిన ముగ్గులు పుస్తకాల్లో కన్నా చేతుల్లోనే ఎక్కువ ఉంటాయి. భిలాయి పక్కన ఉతై లాంటి చిన్న పట్టణంలో, బడిలో హిందీ చదివే మూడో తరం అమ్మాయికి అమ్మమ్మ ముగ్గు ఫొటో మిగిలితే అది జ్ఞాపకం. ‘సందు చుక్క, 8 వచ్చేవరకు’ అనే నియమం అందితే ఆమె కొత్త ముగ్గు వేయగలదు.

ప్రాసెసింగ్, పీ5.జేఎస్, ప్యూర్ డేటా, బ్లెండర్ నాలుగూ ఉచితమే. మామూలు కంప్యూటర్‌తో మొదలుపెట్టవచ్చు. చుక్కల వరుసలు పెట్టించడం మొదటి పాఠం, గీతను చుక్కల చుట్టూ తిప్పడం రెండోది. యంత్రం వందల ముగ్గులు చూపిస్తుంది. వాటిలో వాకిట్లోకి తగినది ఏదో తేల్చాల్సింది మాత్రం ముగ్గు తెలిసిన కళ్లే. అందుకే కంప్యూటర్ ముందు కూర్చునే ముందు అమ్మమ్మ పక్కన కూర్చుని చుక్కలు లెక్కపెట్టడం మంచిది.