పొలములో దిగు విమానము

అమెరికా సంయుక్త రాష్ట్రములలో కొందరు రైతులు తమ పొలములందు గడ్డినేలను చదును చేసి, చిన్న విమానములు దిగుటకు బాటలు ఏర్పరచుకొనియున్నారు. వినోదార్థము విమానము నడుపువారు అచ్చట దిగుటకు అనుమతి కోరుదురు. ఇచ్చుటకు యజమానికి మనసున్నను, ప్రమాదము జరిగినచో నష్టపరిహారపు దావా తనపై పడునను భయము అడ్డు వచ్చును.

ఈ భయమును తగ్గించుటకే వినోద వినియోగ శాసనములు పుట్టినవి. 1965లో రాష్ట్రములకు మార్గదర్శకముగా ఒక నమూనా శాసనము వెలువడినది. రుసుము గైకొనక తన నేలను వినోదమునకు విడిచినవానిపై, దానిని నిరపాయముగా ఉంచవలసిన బాధ్యత సాధారణముగా ఉండదనుట దాని సారము. అందు వేట, చేపలు పట్టుట, ఈత పేర్కొనబడినవి గాని విమానయానము పేరు లేదు. 2003లో స్థాపితమైన రిక్రియేషనల్ ఏవియేషన్ ఫౌండేషన్ మొదలగువారి కృషిచే పలు రాష్ట్రములు తమ శాసనములలో దానిని చేర్చినవి.

అయినను ఇది సర్వరక్ష కాదు. బాటలో ప్రమాదకరమైన గొయ్యి కలదని ఎరిగియు, బుద్ధిపూర్వకముగా హెచ్చరింపనిచో యజమానికి ఈ రక్షణ లేదు. దెబ్బతిన్నవానికి పరిహారము దొరకకపోవచ్చుననుటయు మరువరాదు.

పొరుగువారి ఖాళీ స్థలమున మన బిడ్డలు ఆడుకొనునప్పుడు మనకును ఇదే ప్రశ్న ఎదురగును. ఇచ్చినవాని ఔదార్యము అతనికి శిక్ష కారాదు; ఎరిగిన గోతిని దాచుట ఔదార్యము కాదు. ఈ రెంటిని కలిపి చూచునదే న్యాయమని మా అభిప్రాయము.