ఒక్క మార్కు జవాబు కాదమ్మా!

మన అమీర్‌పేటలో కోచింగ్ సెంటర్లకీ, లేడీస్ హాస్టళ్ళకీ లెక్కే లేదు కదా! ఉద్యోగ పరీక్షలకు చదివే ఆడపిల్లల్ని "ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీ తొలి మహిళా డిప్యూటీ స్పీకర్ ఎవరు?" అని అడగండి. "టి.ఎన్. సదాలక్ష్మి, 1960" అని టక్కున చెప్పేస్తారు. ఒక్క మార్కు! దాని వెనకున్న కథ మాత్రం మనమే చెప్పాలి.

అమీర్‌పేటలో మెట్రో ఎక్కితే, పంజాగుట్ట మొదలుకుని లెక్కపెడితే ఐదో స్టేషన్ అసెంబ్లీ. 1952లో హైదరాబాద్ రాష్ట్రానికి తొలి ఎన్నికలు జరిగినప్పుడే ఆడవాళ్ళు గెలిచి అక్కడ కూర్చున్నారు. పరదాల కాలంలో శాలిబండ నుంచి గెలిచిన మాసుమా బేగం 1960లో మంత్రి అయ్యారు. తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న ఆరుట్ల కమలాదేవి ఆలేరు నుంచి వరసగా మూడుసార్లు గెలిచారు. బాన్సువాడ నుంచి గెలిచిన సంగం లక్ష్మీబాయి ఉప్పు సత్యాగ్రహంలో జైలుకెళ్ళిన మనిషి. బస్సు కండక్టరు "ఐ.ఎస్. సదన్" అని కేకేస్తే దిగిపోతాం గానీ, అది అనాథపిల్లల కోసం ఆవిడ పెట్టిన ఇందిరా సేవాసదన్ పేరని ఎంతమందికి తెలుసు?

సదాలక్ష్మి బొల్లారంలో దళిత కుటుంబంలో పుట్టారు. 1957లో అసెంబ్లీకి గెలిచారు. 1967లో ఎల్లారెడ్డిలో ఆవిడ మీద పోటీచేసి గెలిచింది జె. ఈశ్వరీబాయి. ఆవిడా దళిత మహిళే, టీచరమ్మగా పనిచేసి పైకొచ్చారు. ఎన్నికల్లో పోటీపడ్డ ఈ ఇద్దరూ 1969లో తెలంగాణ కోసం ఒకే ఉద్యమంలో నిలబడ్డారు.

ఆనాడు మహిళలకు రిజర్వేషన్ లేదు. మరి 2023 తెలంగాణ ఎన్నికల్లో 119 సీట్లకు గెలిచిన ఆడవాళ్ళు 10 మందే! అదే ఏడాది మూడోవంతు సీట్లు మహిళలకే అని రాజ్యాంగ సవరణ వచ్చింది. జనగణన, నియోజకవర్గాల పునర్విభజన అయ్యాకే అది అమలవ్వాలి. ఇప్పటి లెక్కన దాదాపు 40 సీట్లు.

సీట్లొస్తే సరిపోతుందా? పేరు భార్యది, పెత్తనం భర్తది అయితే ఏం లాభం చెప్పండి? పైన చెప్పిన వాళ్ళెవరూ ఒకరి మాట అప్పజెప్పడానికి వెళ్ళలేదు. చట్టం సీటిస్తుంది గానీ నోరివ్వదు. ఆ అలవాటు ఇంట్లోనే రావాలి. ఇంట్లో అప్పు గురించో, స్థలం గురించో మాట్లాడుకునేటప్పుడు ఆడపిల్ల మధ్యలో ఏదైనా అంటే "నీకెందుకే, లోపలికెళ్ళు" అనకండి. కూర్చోబెట్టి అడగండి. ఏమంటారు?