ఐదు పడవల దూరం

వేసవి వచ్చిందంటే మన ఇళ్ళలో ఒక ప్రశ్న తప్పదు. పిల్లలకు స్కూళ్ళు వుండవు. ఇండియా నుంచి అమ్మానాన్నలో అత్తమామలో వచ్చి వుంటారు. "ఈ శనివారం ఎక్కడికి?" గోల్డెన్ గేట్ వంతెన చూడడం అయిపోయింది. గుడికి వెళ్ళిరావడం అయిపోయింది. డిస్నీలాండ్ పిల్లలకు కంఠతా వచ్చు. సముద్రానికి వెళ్ళినా మనం చేసేది ఒకటే: ఒడ్డున నిలబడి పాదాలు తడుపుకుని, నాలుగు ఫోటోలు తీసుకుని, తెచ్చుకున్న పులిహోర తినేసి తిరిగి రావడం. నీళ్ళ మీదికి వెళ్ళడం మాత్రం ఈత వచ్చినవాళ్ళ పని, మనది కాదు అని చాలామంది నమ్మకం.

ఈ నమ్మకం అంత గట్టిది కాదు. ఈత రానివాళ్ళు కూడా లైఫ్ జాకెట్ తొడుక్కుని, పక్కన ఒక మార్గదర్శి వుండగా, ఏడెనిమిది మంది కలిసి చిన్న పడవల్లో మెల్లగా వెళ్ళి సముద్రపు జంతువులను చూసి వచ్చే ఏర్పాటు అమెరికా తీరంలో చాలాచోట్ల వున్నది. ఆ పడవ పేరు కయాక్. ఇద్దరు ముందూ వెనకా కూర్చుని రెండువైపులా ఆకులున్న తెడ్లతో నడుపుకునేవి కూడా వుంటాయి. కాలిఫోర్నియాలో వున్న మనవాళ్ళకు వీటికి అనువైన చోటు తమ రాష్ట్రంలోనే వుంది.

శాంతాక్రూజ్‌కూ మాంటెరేకూ నడుమ, ఒకటవ నంబరు హైవే మీద, మాస్ లాండింగ్ అనే చిన్న రేవు వుంది. అక్కడ సముద్రం ఒక పాయగా భూమిలోకి ఏడు మైళ్ళు చొచ్చుకువస్తుంది. దాని పేరు ఎల్క్‌హార్న్ స్లూ. స్లూ అంటే ఏమిటని కొల్లేటి వైపు వారికి విడమరిచి చెప్పనక్కరలేదు. మన ఉప్పుటేరే! పోటు వచ్చినప్పుడు నీరు లోపలికి నిండుతుంది, ఆటు తీసినప్పుడు బురదమేటలు బయటపడతాయి, వాటి మీద కొంగలు దిగుతాయి. 1979లో ఇక్కడ ఒక పరిశోధనా సంరక్షణ ప్రదేశం ఏర్పడింది. చిత్తడినేలల అంతర్జాతీయ పట్టిక, రామ్‌సార్ పట్టికలో మన కొల్లేరు 2002లో చేరితే ఇది 2018లో చేరింది. మూడు వందలకు పైగా పక్షి జాతులను ఇక్కడ గుర్తించారు.

పక్షుల మాట అలా వుంచితే, ఇక్కడికి జనం ముఖ్యంగా వచ్చేది సీ ఆటర్ కోసం. మన కోరంగి మడ అడవుల్లో తిరిగే నీటికుక్కకు ఇది సముద్రపు చుట్టం. వెల్లకిలా నీళ్ళమీద తేలుతూ, పొట్టమీద రాయి పెట్టుకుని, దానికేసి గుల్లలు పగలగొట్టుకు తింటుంది. తల్లి అయితే పిల్లను పొట్టమీద పడుకోబెట్టుకుని జోకొడుతున్నట్టే వుంటుంది. చూసిన పిల్లలు కేరింతలు కొట్టకుండా వుండలేరు. పెద్దవాళ్ళు చెయ్యి చాచకుండా వుండలేరు. వచ్చిన చిక్కంతా ఇక్కడే.

ఆ చిక్కేమిటో తెలియాలంటే కయాక్ కథ కొంచెం వెనక్కు వెళ్ళి చూడాలి. ఈ పడవను కనిపెట్టింది ఉత్తర ధ్రువప్రాంతపు ప్రజలు. కొట్టుకువచ్చిన కర్రలతో చట్రం కట్టి, సీలు, సీ లయన్ వంటి జంతువుల తోళ్ళు దానికి బిగించి కుట్టేవారు. చప్పుడు చెయ్యదు, నీటికి అంటిపెట్టుకుని వుంటుంది, జంతువు పసిగట్టేలోపల దగ్గరికి చేరుతుంది. అంటే అది పుట్టిందే వేట కోసం. 1741లో బేరింగ్ నౌకాయాత్రలో రష్యన్లు అలాస్కా చేరాక ఆటర్ బొచ్చుకు చైనాలో వున్న గిరాకీ వాళ్ళకు తెలిసివచ్చింది. అలూట్ వేటగాళ్ళను, చాలామందిని బలవంతంగానే, ఆ పనిలో దింపారు. 1803లో జోసెఫ్ ఓకేన్ అనే అమెరికన్ కెప్టెన్ రష్యన్ కంపెనీతో ఒప్పందం చేసుకుని ఆ వేటగాళ్ళనూ వాళ్ళ పడవలనూ ఓడలో ఎక్కించుకుని కాలిఫోర్నియా తీరానికి తెచ్చాడు. 1812లో రష్యన్లు ఇక్కడే ఫోర్ట్ రాస్ కట్టారు. శాన్‌ఫ్రాన్సిస్కోకు ఉత్తరాన వున్న ఆ కోటను మనలో కొందరు చూసే వుంటారు. దాని పునాదిలో వున్నది ఈ బొచ్చు వ్యాపారమే.

ఆ బొచ్చులో అంత విశేషం ఏమిటి? తిమింగలాలకూ సీళ్ళకూ చర్మం కింద మందమైన కొవ్వు పొర వుండి చలినుంచి కాపాడుతుంది. ఆటర్‌కు ఆ పొర లేదు, బొచ్చే రక్ష. ఒక చదరపు అంగుళంలో పది లక్షల దాకా వెంట్రుకలుంటాయి. మన తల మొత్తం మీద వుండేవి సుమారు లక్ష! ఆ రక్షే దానికి శాపమయింది. 1911లో నాలుగు దేశాలు ఒప్పందం చేసుకుని వేట ఆపే నాటికి ప్రపంచం మొత్తం మీద ఒకటి రెండు వేలు మిగిలాయని అంచనా. కాలిఫోర్నియాలో అయితే అంతరించిపోయాయనే చాలామంది అనుకున్నారు. 1938లో బిగ్ సర్ తీరాన, బిక్స్‌బీ వాగు దగ్గర, సుమారు యాభై ఆటర్ల గుంపు కనబడింది. ఈనాడు కాలిఫోర్నియా తీరంలో వున్న సుమారు మూడు వేలూ ఆ కొద్దిపాటి మిగులు సంతానమే. 1972లో సముద్ర క్షీరదాల రక్షణ చట్టం వచ్చింది. 1977లో వీటిని ప్రమాదంలో వున్న జాతుల జాబితాలో చేర్చారు.

వేట పోయింది, పడవ మిగిలింది. ఒకప్పుడు చంపడానికి వచ్చిన పడవలోనే ఇప్పుడు మనం చూడడానికి వెళుతున్నాం. చూడడం వల్ల నష్టమేమిటి అని ఎవరైనా అడగవచ్చు. ఇంజను లేదు, పొగ లేదు, గాలం లేదు కదా!

నష్టం లెక్కలో వుంది. కొవ్వు పొర లేని జంతువు ఒంట్లో వేడి నిలుపుకోవాలంటే తింటూ వుండాలి. ఆటర్ రోజూ తన బరువులో దాదాపు నాలుగోవంతు తింటుంది. నూటయాభై పౌండ్ల మనిషి రోజుకు ముప్పయ్యారు, ముప్పయ్యేడు పౌండ్ల భోజనం చేసినట్టు అన్నమాట. ఆ తిండి సంపాదించడానికి మునగాలి, మునగడానికి శక్తి కావాలి, అందుకని మధ్యలో విశ్రాంతి కావాలి. మనకు "హాయిగా తేలుతోంది" అనిపించేది దాని బతుకుకు అవసరమైన నిద్ర. చప్పుడు లేకుండా వచ్చిన కయాక్ చూసి ఉలిక్కిపడి అది ఒక మునక వేసిందంటే కొంత శక్తి వృథా అయినట్టే. మన తరవాత ఇంకో పడవ, దాని తరవాత ఇంకొకటి. ఎవరికి వారు "మేము ఒక్కసారేగా వెళ్ళింది" అనుకుంటారు. ఆటర్‌కు మాత్రం అది రోజంతా సాగే తంతు. పిల్లతల్లి సంగతి మరీ కష్టం. పిల్ల సుమారు ఆరు నెలలు తల్లి మీదే ఆధారపడుతుంది. పాలిచ్చి పాలిచ్చి ఆఖరుకు తల్లి చిక్కి శల్యమవుతుంది. తల్లి బెదిరి పిల్లను వదిలి పారిపోతే ఆ పిల్లకు సొంతంగా మునగడం కూడా రాదు.

అందుకే ఇక్కడి వారు పెట్టుకున్న కొలత: కనీసం ఐదు కయాక్‌ల దూరం, అంటే సుమారు అరవై అడుగులు. పడవ ముక్కు దానివైపు తిప్పకూడదు, పక్కనుంచి సాగిపోవాలి. చుట్టుముట్టకూడదు. అది తలెత్తి మనవైపు చూసిందంటే అప్పటికే మనం దగ్గరైపోయినట్టు లెక్క. జంతువును వేధిస్తే చట్టప్రకారం జరిమానా వుంది, జైలు కూడా వుండవచ్చు. తిండి పెట్టడం అసలే కూడదు. 2023 వేసవిలో శాంతాక్రూజ్‌లో 841 నంబరు ఆటర్ ఒకటి సర్ఫింగ్ చేసేవాళ్ళ పలకలెక్కి కూర్చుని దేశమంతటా వార్తలకెక్కింది. మనకది వినోదం. మనుషులు తిండి పెట్టి మచ్చిక చెయ్యడం దీనికి ఒక కారణం కావచ్చునని అధికారులు అనుమానించారు. ఆఖరికి దాన్ని పట్టుకోవడానికి మనుషులను పంపవలసి వచ్చింది. అది వాళ్ళకు దొరకలేదు.

ఈ దూరం పాటించడం ఒక్క ఆటర్ కోసమే కాదు. ఈ ఉప్పుటేటిలో 1980 దశకం నుంచి ఆటర్లు తిరిగి చేరడం మొదలయింది. అవి పీతలను తింటాయి. పీతలు తగ్గితే సముద్రపు గడ్డిమీద పట్టే నాచును తినే చిన్న జీవాలు పెరుగుతాయి. నాచు పోయి గడ్డి పచ్చగా ఎదుగుతుంది. దీన్ని 2013లో శాస్త్రజ్ఞులు లెక్కలతో చూపించారు. ఒడ్డును తొలిచే పీతలు తగ్గడంతో గట్టు కోత కూడా నెమ్మదించిందని 2024లో మరో పరిశోధన తేల్చింది. గోదావరి గట్లు తెగడం చూసినవాళ్ళకు గట్టు విలువ వేరే చెప్పాలా?

ఇదంతా అమెరికావాళ్ళు మనకు నేర్పుతున్న కొత్త పాఠమేమీ కాదు. శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురంలో ఏటా గూడబాతులూ ఎర్రకాళ్ళ కొంగలూ వచ్చి ఊళ్ళోని చెట్లమీదే గూళ్ళు కడతాయి. అవి వస్తే ఊరికి మంచిదని ఆ ఊరివాళ్ళ నమ్మకం. అక్కడివారు పక్షి దగ్గరికి పోరు, పక్షే వాళ్ళ దగ్గరికి వస్తుంది. ఈ మర్యాద మన ఊళ్ళలో వున్నదే, మనతో ఇక్కడికి తెచ్చుకోవలసిందే.

ఇక వెళ్ళదలచినవారికి నాలుగు మాటలు. పొద్దున్నే వెళ్ళండి, మధ్యాహ్నం దాటితే గాలి హోరెత్తుతుంది. ఆటుపోట్ల వేళలు ముందే చూసుకోండి. ఆటు సమయంలో హైవే వంతెన దగ్గర నీరు సముద్రం వైపు బలంగా లాగుతుంది, కొత్తవాళ్ళకు అక్కడ మార్గదర్శి తప్పనిసరి. మాంటెరే అఖాతపు నీరు ఎండాకాలంలో కూడా యాభైల ఫారెన్‌హైట్‌లోనే వుంటుంది, కనుక లైఫ్ జాకెట్ విప్పవద్దు. జీన్స్, నూలుబట్టలు తడిస్తే ఒంటికి చుట్టుకుని చలి పుట్టిస్తాయి, త్వరగా ఆరేవి వేసుకోండి. చీరా చున్నీ ఆ పూటకు ఇంట్లో వుండనివ్వండి. పిల్లలను ఏ వయసునుంచి రానిస్తారో ముందుగా ఫోన్‌లో కనుక్కోండి. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళు పడవ ఎక్కనక్కరలేదు. మాస్ లాండింగ్ జెట్టీ రోడ్డు పక్కన నిలబడి బైనాక్యులర్స్ పెట్టి చూస్తే ఆటర్లు చాలాసార్లు కనబడతాయి.

ఇతర రాష్ట్రాల్లో వున్నవారికీ దారులున్నాయి. ఫ్లోరిడాలో క్రిస్టల్ రివర్‌లో శీతాకాలంలో మానటీలు వెచ్చని ఊటల కోసం చేరతాయి. సియాటిల్ వారికి శాన్ వాన్ దీవులున్నాయి. అక్కడ స్థానిక ఓర్కాల గుంపులకు వెయ్యి గజాల దూరంలో వుండాలని 2025 నుంచి వాషింగ్టన్ రాష్ట్ర చట్టం. కొలత మారుతుంది, నీతి ఒక్కటే.

పడవ మాట్లాడుకునే ముందు అద్దె ఎంత అని ఎలాగూ అడుగుతాం. దానితోపాటు ఇంకొక్క ప్రశ్న అడగండి: "ఆటర్ కనబడితే ఎంత దూరంలో ఆపుతారు?" "మీకెందుకు, పక్కనే నిలబెడతాం" అన్నవారికి నమస్కారం పెట్టి వచ్చేయండి. "ఐదు పడవల దూరం" అన్నవారితో పిల్లలను నిశ్చింతగా పంపవచ్చు. జంతువుల విషయంలో అంత జాగ్రత్త వున్న మనిషి మీ పిల్లల విషయంలోనూ జాగ్రత్తగానే వుంటాడు.