చిన్న దేశపు సినిమా గెలిచిందో లేదో తేల్చేది వసూళ్లా, నాణ్యతా?

భూటాన్ ఉత్తర కొసన, హిమాలయాల ఒడిలో లునానా అనే మారుమూల ప్రాంతం ఉంది. అక్కడికి చేరుకోవాలంటే రోజుల తరబడి కాలినడకన వెళ్లాలి. విద్యుత్ సౌకర్యం లేని ఆ చోట, సౌరశక్తితో బ్యాటరీలు నింపుకుంటూ దర్శకుడు పావో చోయ్‌నింగ్ దోర్జీ ఒక సినిమా తీశారు. పేరు ‘లునానా: ఎ యాక్ ఇన్ ద క్లాస్‌రూమ్’. ఆ ఊరి ప్రజలు కూడా అందులో నటించారు. 2022లో ఆ చిత్రం ఉత్తమ అంతర్జాతీయ చిత్రాల విభాగంలో ఆస్కార్ నామినేషన్ పొందింది. భూటాన్‌కు అటువంటి గౌరవం దక్కడం అదే ప్రథమం.

మరి ఈ సినిమాను ‘హిట్’ అనాలా, ‘ఫ్లాప్’ అనాలా? దేశ రాజధాని పరిసరాల్లోని మల్టీప్లెక్సుల్లో శుక్రవారం ఉదయం మొదలై ఆదివారం రాత్రికల్లా తేలిపోయే లెక్క ఈ ప్రశ్నకు సమాధానం చెప్పగలదా?

జనాభా ముందు తలవంచే అంకెలు

భూటాన్ 2017 జనగణన ప్రకారం ఆ దేశ జనాభా సుమారు 7 లక్షల 27 వేలు. 2011 జనగణనలో ఒక్క ఢిల్లీ జనాభాయే 1 కోటి 67 లక్షలు దాటింది. అంటే భూటాన్ పౌరులంతా, చంటిపిల్లలతో సహా, తలా ఒక టికెట్ కొన్నా, ఆ సంఖ్య ఢిల్లీ వాసుల్లో ఇరవయ్యో వంతుకు కూడా చేరదు. ఇక నోయిడా, గురుగ్రామ్, ఘజియాబాద్, ఫరీదాబాద్‌లను కలుపుకుంటే ఆ నిష్పత్తి మరింత కుంచించుకుపోతుంది.

కాబట్టి చిన్న దేశపు సినిమా వసూళ్లను పెద్ద దేశపు వసూళ్ల పక్కన పెట్టి చూస్తే, తెలిసేది సినిమా సంగతి కాదు, జనాభా సంగతి.

వసూళ్లు అసలేం చెబుతాయి?

ప్రేక్షకులు టికెట్లకు చెల్లించిన మొత్తాన్ని ‘గ్రాస్’ అంటారు. అందులోంచి పన్ను పోగా మిగిలేది ‘నెట్’. థియేటర్ల వాటా కూడా తీసేశాక పంపిణీదారుకు చేరేదే ‘షేర్’. ప్రచార ప్రకటనల్లో సాధారణంగా కనిపించేది వీటిలో పెద్దదైన గ్రాస్. నిర్మాత నిలదొక్కుకున్నాడా లేదా అన్నది తేల్చేది మాత్రం షేర్, దాని పక్కనే ఉండే నిర్మాణ వ్యయం.

అంకె ఎంత పెద్దదన్నది మరో మూడు విషయాలపై ఆధారపడుతుంది: ఎన్ని తెరలు దొరికాయి, రోజుకు ఎన్ని ఆటలు పడ్డాయి, టికెట్ ధర ఎంత. ఈ మూడూ ప్రేక్షకుడు సినిమా చూడకముందే నిర్ణయమైపోతాయి. పగలు పదకొండు గంటలకు ఒకే ఒక్క ఆట దక్కిన చిత్రానికి జనం రాలేదనడం, అంగడి తెరవకుండానే బేరం లేదనడం వంటిది.

అలాగని వసూళ్లను తేలిగ్గా తీసిపారేయలేం. పెట్టుబడి తిరిగి రాకపోతే ఆ దర్శకుడికి రెండో సినిమా దొరకడం కష్టం. చిన్న పరిశ్రమలో ఒక నిర్మాత చితికిపోతే మరో నిర్మాత ముందుకు రావడానికి ఏళ్లు పడుతుంది.

ఢిల్లీలో రెండు తూకాలు

ఈ సందిగ్ధానికి ప్రభుత్వం ఇచ్చిన జవాబు జాతీయ చలనచిత్ర పురస్కారాల్లో కనిపిస్తుంది. 1954లో మొదలైన ఈ పురస్కారాల్లో ఉత్తమ చిత్రానికి ఒక బహుమతి ఉంది. ఆరోగ్యకరమైన వినోదాన్ని అందించిన ప్రజాదరణ పొందిన చిత్రానికి, 1975 నాటి సినిమాల నుంచి, మరో బహుమతి ఇస్తున్నారు. అంటే ప్రజాదరణ వేరు, కళావిలువ వేరు అని రాజధానే అంగీకరించింది.

అయితే ఈ రెండూ ఎప్పుడూ ఎడమొహం పెడమొహంగానే ఉంటాయనుకోవడం పొరపాటు. కె. విశ్వనాథ్ ‘శంకరాభరణం’ 1980లో విడుదలైనప్పుడు తొలి రోజుల్లో హాళ్లు నిండలేదు. చూసినవారు చెప్పిన మాట ఆ నోటా ఈ నోటా పాకి, తరువాత అది ఘనవిజయం సాధించింది. ప్రజాదరణ చిత్రంగా జాతీయ పురస్కారమూ అందుకుంది. తొలి వారాంతంతోనే తీర్పు చెప్పి తెరల నుంచి తొలగించి ఉంటే ఆ చరిత్ర మరోలా ఉండేది.

బి. నరసింగరావు ‘దాసి’ మరో దారిలో నడిచింది. తెలంగాణ గడీలోని ఒక స్త్రీ జీవితాన్ని చిత్రించిన ఆ సినిమాకు 1988 సంవత్సరానికి అయిదు జాతీయ పురస్కారాలు దక్కాయి. నేడు దాన్ని గుర్తు చేసుకునేవారెవరూ వసూళ్ల గురించి అడగరు. 2020లో నేరుగా ఓటీటీలో విడుదలైన ‘కలర్ ఫోటో’ ఉత్తమ తెలుగు చిత్రంగా ఎంపికైంది. థియేటర్ వసూళ్లే కొలమానమైతే ఆ చిత్రానికి మార్కులే వేయలేం.

2015 నాటి ‘బాహుబలి: ద బిగినింగ్’ మాత్రం భారీ వసూళ్లతో పాటు ఉత్తమ చిత్రం పురస్కారాన్నీ తెలుగుకు తొలిసారి తెచ్చింది.

లాత్వియా పిల్లి చెప్పిన పాఠం

ఇరవై లక్షల లోపు జనాభా ఉన్న లాత్వియా నుంచి వచ్చిన ‘ఫ్లో’లో ఒక్క మాట కూడా ఉండదు. వరదలో చిక్కుకున్న ఒక పిల్లి కథ అది. దర్శకుడు గింట్స్ జిల్బలోడిస్ దాన్ని ఉచితంగా లభించే ‘బ్లెండర్’ సాఫ్ట్‌వేర్‌తో రూపొందించారు. 2025లో ఉత్తమ యానిమేషన్ చిత్రంగా అది ఆస్కార్ గెలుచుకుంది. స్వదేశంలోనూ థియేటర్లలో అత్యధికులు చూసిన చిత్రంగా నిలిచింది. హాలీవుడ్ లెక్కలో ఆ వసూళ్లు స్వల్పం. లాత్వియా లెక్కలో అదొక జాతీయ సంబరం.

తెలుగువారికి ఎందుకు పట్టాలి?

ఇంటి దగ్గర తెలుగు సినిమా పెద్ద పరిశ్రమ. ఢిల్లీలో మాత్రం, హిందీలోకి అనువాదమైన భారీ చిత్రాలను మినహాయిస్తే, అదీ ఒక చిన్న దేశపు సినిమాయే. తారలు లేని తెలుగు చిత్రానికి రాజధానిలో దొరికేవి కొద్దిపాటి ఆటలే. ఆ కొద్ది ఆటల వసూళ్లు చూసి ‘ఇక్కడ తెలుగుకు గిరాకీ లేదు’ అని తేలిస్తే, మరుసటి వారం ఆ ఆటలూ ఉండవు. తీర్పే కారణమై, ఆ కారణమే మళ్లీ తీర్పుకు సాక్ష్యమవుతుంది.

చిన్న దేశపు సినిమాను అంచనా వేయాలంటే అడగవలసిన ప్రశ్నలు కొన్ని ఉన్నాయి. ఖర్చు తిరిగి వచ్చిందా? దొరికిన ఆటల్లో సీట్లు ఏ మేరకు నిండాయి? తన ప్రజల్లో ఎంతమందికి చేరింది? పదేళ్ల తరువాత కూడా చూసేవారుంటారా? మొదటి మూడింటికి లెక్కల పుస్తకం జవాబు చెబుతుంది. నాలుగోదానికి కాలం ఒక్కటే చెప్పగలదు. ఆ గడువు దక్కేవరకైనా సినిమాను తెరపై ఉండనివ్వడం పంపిణీదారుల చేతుల్లోనూ, టికెట్ కొనే ప్రేక్షకుల చేతుల్లోనూ ఉంది.