పాలు పడుట, పాలు చేపుట: బాలింతకు అందవలసిన తోడ్పాటు

పాడి గల ఇంట పెరిగినవారికి ‘చేపు’ అను మాట క్రొత్త గాదు. జి.కొండూరు, మైలవరము, నందిగామ, జగ్గయ్యపేట ప్రాంతముల మెట్ట గ్రామములలో తెల్లవారుజామున గేదెను పితుకబోవు ఇల్లాలు మొదట దూడను విడుచును. దూడ పొదుగును రెండు మూడు మారులు కుమ్మి చీకగానే చన్నులు బిగిసి పాలు దిగును. అదియే చేపుట. ఆ సమయమున కుక్క మొరిగినను, ముక్కు మొగము తెలియని మనిషి దాపున నిలిచినను గేదె ఎగచేపును. పొదుగు నిండుగనే యుండును. పాలు మాత్రము రావు. అప్పుడు గేదెకు పాలు లేవని ఎవ్వరును అనరు. కొంతసేపు ఊరకుండి, వీపు నిమిరి, మరల దూడను విడుతురు.

బాలింత విషయమున మాత్రము మన తీరు వేరు. బిడ్డ పుట్టి ఒక పూటయైనను గడువకముందే, చూడవచ్చిన ప్రతివారును “ఏమ్మా, పాలు పడ్డాయా?” అని అడుగుదురు. ఆ పిల్ల బిక్కమొగము వేసి “ఇంకా లేదత్తయ్యా” అనునంతలో ఎవరో ఒకరు తేనెయో, గ్లూకోజు నీళ్లో, డబ్బాపాలో తెచ్చి పెట్టుదురు. అడిగినవారికి దురుద్దేశము లేదు. అయినను అది వేళగాని వేళ అడిగిన ప్రశ్న. ఎందుకో తెలిసికొన్నచో, బాలింతకు ఎట్టి సలహా మేలు చేయునో, ఎట్టిది కీడు చేయునో కూడ తెలియును.

తెలుగులో ‘పాలు పడుట’ అనియు, ‘పాలు చేపుట’ అనియు రెండు మాటలున్నవి. శరీరధర్మ శాస్త్రములో గూడ ఇవి రెండు వేర్వేరు పనులే. మొదటిది పాలు తయారగుట. రెండవది తయారైన పాలు వెలికి వచ్చుట.

గర్భము సగము నెలలు గడచునప్పటికే స్తనములలో ముర్రుపాలు ఏర్పడుచుండును. అయితే మాయనుండి వెలువడు ప్రొజెస్టిరోన్ అను హార్మోను పాల ఉత్పత్తిని అదుపులో నుంచును. కాన్పులో మాయ పడిపోగానే ఈ హార్మోను రక్తములో వేగముగ తగ్గును. మెదడు క్రింది భాగముననున్న పీయూష గ్రంథినుండి వెలువడు ప్రోలాక్టిన్ అను మరియొక హార్మోనునకు అప్పుడు అడ్డు తొలగును. ఐనను స్తనములు నిండి బరువెక్కుటకు రెండు మొదలు నాలుగు దినములు పట్టును. తొలికాన్పైనను, శస్త్రచికిత్సతో కాన్పైనను మరికొంత ఆలస్యము కావచ్చును. ఈలోగా బిడ్డకు దొరకునవి కొద్ది చెంచాల ముర్రుపాలు. ఆరోగ్యముగ, నెలలు నిండి పుట్టిన బిడ్డకు సాధారణముగ అవియే చాలును. పసుపుపచ్చగ, చిక్కగ నుండు ఈ పాలలో రోగములనుండి కాపాడు ప్రతిరక్షకములును, ‘ఎ’ విటమినును విశేషముగ గలవు.

ఇక తరువాతి దినములలో పాలు ఎంత పడునన్నది బిడ్డ ఎంత త్రాగునన్న దానిపై ఆధారపడును. బిడ్డ చీకిన ప్రతిసారియు ప్రోలాక్టిన్ పెరుగును. రాత్రివేళ అది మరింత అధికముగ నుండును. అంతేగాక, త్రాగకుండ స్తనములో నిలిచిపోయిన పాలే క్రొత్తపాలు ఊరకుండ అడ్డుకొనును. ఊట బావి సంగతి మన కర్షకులకు తెలియును: తోడిన బావిలోనే నీరు ఊరును. బిడ్డకు ఒకపూట డబ్బాపాలు పట్టితిమన్న, ఆ పూట తల్లిపాలు తోడబడలేదన్నమాట. మరుసటిపూట ఆ మేరకు తక్కువ పడును. తక్కువ పడినవని మరికొంచెము డబ్బాపాలు పట్టుదురు. ఈ విధముగ వారము పదిదినములలో “నాకు పాలు చాలవు” అను మాట నిజమై కూర్చుండును.

చేపుట వేరొక హార్మోను పని. దాని పేరు ఆక్సిటోసిన్. బిడ్డ చీకునప్పుడు చనుమొననుండి నాడులద్వారా మెదడునకు వార్త పోవును. పీయూష గ్రంథి వెనుక భాగమునుండి ఆక్సిటోసిన్ రక్తములోనికి విడుదలగును. అది పాలకోశముల చుట్టునున్న కండరకణములను ముడుచుకొనజేసి పాలను ముందునకు నెట్టును. బిడ్డ ఏడ్పు విన్నంతమాత్రముననే పాలు చేపుట పెక్కుమంది తల్లులకు అనుభవమే. నొప్పి, భయము, సిగ్గు, అలజడి దీనిని ఆపివేయును.

ఇది ఊహ కాదు. 1948లో అమెరికాలో నైల్స్ న్యూటన్, మైకేల్ న్యూటన్ అను దంపతులు ఒక చక్కని ప్రయోగమును ప్రచురించిరి. పాలిచ్చు తల్లి నైల్సే. ప్రశాంతముగ పాలిచ్చిన దినములలో బిడ్డ ఒక్కొక్క పర్యాయము సగటున 168 గ్రాముల పాలు త్రాగెను. ఆమె పాదములను మంచునీటిలో పెట్టించియో, కాలివ్రేళ్లను నొప్పి కలుగునట్లు లాగియో, గబగబ లెక్కలు అడిగి తప్పినచో చిన్న విద్యుత్ఘాతము నిచ్చియో అలజడి కలిగించిన దినములలో అది 99 గ్రాములకు పడిపోయెను. అలజడి యట్లే యుంచి ఆక్సిటోసిన్ సూదిమందు ఇచ్చినప్పుడు మరల 153 గ్రాములు వచ్చెను. అనగా పాలు స్తనములోనే యున్నవి. చేపు మాత్రమే నిలిచిపోయినది. (లెక్కల ఉపాధ్యాయులు దీనిని తమ శాస్త్రముపై అపవాదుగ భావింపకుందురు గాక!)

ఇప్పుడు బాలింత మంచము చెంత జరుగు సంగతి చూతము. మన దేశమున 2019–21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము నూటికి 88.6 కాన్పులు ఆసుపత్రులలో, ఆరోగ్య కేంద్రములలో జరిగినవి. అయినను పుట్టిన గంటలోపల తల్లిపాలు అందిన పిల్లలు నూటికి 41.8 మాత్రమే. వైద్యులు, నర్సులు చెంతనే యున్నను సగముకంటె ఎక్కువమంది పిల్లలకు ఆ మొదటి గంట తప్పిపోయినదన్నమాట. ఆంధ్రప్రదేశములో నూటికి 42.4 కాన్పులు శస్త్రచికిత్సతో జరిగినవని ఆ సర్వేయే తెల్పుచున్నది. కుట్ల నొప్పితో వెల్లకిల పడుకొన్న తల్లికి బిడ్డను ప్రక్కనుండి పట్టి అందించువారు లేనిచో, “పాలివ్వమ్మా” అను ఉపదేశము వట్టి మాటయే.

వృత్తి నిపుణుల సలహా ఎల్లప్పుడు తల్లిపాలకు అనుకూలముగ లేదన్నది చరిత్ర. న్యూజీలాండులో 1907లో ప్లంకెట్ సంఘమును స్థాపించిన ట్రూబీ కింగ్ అను వైద్యుడు తల్లిపాలను ఎంతో మెచ్చినవాడే. కాని నాలుగు గంటల కొకమారు గడియారము చూచి పాలీయవలెననియు, రాత్రివేళ ఈయరాదనియు ఆయన బోధించెను. ఆ పద్ధతి ఇంగ్లీషు మాటలాడు దేశముల ఆసుపత్రులు పెక్కింట వ్యాపించెను. పైన చెప్పిన ఊట బావి సూత్రమును బట్టి చూచినచో, ఇది పాలను ఎండబెట్టు మార్గమని వేరుగ చెప్పనక్కరలేదు. శిశువు రోజునకు 8 మొదలు 12 మారులు త్రాగుట సహజము. పసిపిల్లలకు గడియారము చూడరాదు. ఆకలి మాత్రము తెలియును.

ఈ పొరపాటు సవరింపబడుటకు చాల కాలము పట్టినది. 1989లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, యూనిసెఫ్ కలసి ప్రసూతి ఆసుపత్రులు అనుసరింపవలసిన పది సూత్రములను ప్రకటించినవి. 1991లో శిశుమిత్ర ఆసుపత్రుల ఉద్యమము ఆరంభమైనది. డబ్బాపాలను, పాలసీసాలను ప్రచారము చేయుటను, ఉచిత నమూనాలు పంచుటను నిషేధించుచు మన పార్లమెంటు 1992లో చట్టము చేసినది. 2003లో దానిని మరింత బిగించినది. 2016లో కేంద్ర ఆరోగ్య శాఖ ‘మా’ అను కార్యక్రమమును ప్రారంభించినది.

సూత్రములున్నవి, చట్టమున్నది. మరి తల్లుల అనుభవమేమి? 2011లో ఆస్ట్రేలియాకు చెందిన వర్జీనియా ష్మీడ్, ఆమె సహచరులు ఈ ప్రశ్నపై అంతవరకు వెలువడిన 31 పరిశోధనలను కలిపి చదివిరి. ఆ తల్లులు మెచ్చినది తమ చెంత ఓపికగ కూర్చుండి, తమ మాట విని, తమ బిడ్డను చూచి సహాయము చేసినవారిని. నొచ్చుకొన్నది హడావిడిగ వచ్చి, అందరికి ఒకటే పాఠము అప్పగించి పోయినవారినిగూర్చి, అడుగకుండ స్తనమును పట్టి బిడ్డ నోటిలో కుక్కినవారినిగూర్చి, ఒకరు చెప్పినది మరియొకరు కాదన్నప్పుడు. మన ఊళ్లలో ఈ కడపటి బాధ మరింత హెచ్చు. ఒక నర్సు కూర్చుండి పాలిమ్మనును, ఇంకొకరు పడుకొని ఇమ్మందురు. అమ్మమ్మ ఉగ్గు పట్టుమనును. ప్రక్క మంచము ఆమె డబ్బా పేరు చెప్పును. అందరును పెద్దవారే, ఎవరిని కాదనవలెను? ఈ గందరగోళమే న్యూటన్ దంపతుల మంచునీటి పళ్లెమునకు సమానము.

ఉపకరించు సలహా చేతికి, కంటికి సంబంధించినది. బిడ్డ స్తనమును సరిగ పట్టెనా లేదా అన్నది నాలుగు గుర్తులతో తెలియును: నోరు బాగుగ తెరచియుండవలెను, క్రింది పెదవి వెలుపలికి మడిగి యుండవలెను, గడ్డము స్తనమునకు తాకవలెను, చనుమొన చుట్టునున్న నల్లని వలయము క్రిందికంటె పైననే ఎక్కువ కనబడవలెను. చనుమొనను మాత్రమే పట్టి చీకినచో తల్లికి నొప్పి, పగుళ్లు. బిడ్డకు పాలు సరిగ రావు. “మొదట్లో నొప్పి మామూలే, ఓర్చుకో” అనుట సలహా కాదు. సహాయము చేయువారు ఒక్క పర్యాయమైనను మొదటినుండి చివరివరకు పాలిచ్చుటను కూర్చుండి చూడవలెను.

ఆ తరువాత మరల రావలెను. 2011నుండి అమలులోనున్న గృహ ఆధారిత నవజాత శిశు సంరక్షణ పద్ధతిలో, ఆసుపత్రిలో పుట్టిన బిడ్డ ఇంటికి ఆశా కార్యకర్త 3, 7, 14, 21, 28, 42వ దినములలో ఆరుమారులు పోవలెను. మూడవ, ఏడవ దినముల రాక ముఖ్యము. పాలు పడునదియు, ధైర్యము సడలునదియు అప్పుడే. ఇచ్చట ఒక చిక్కు కలదు. తొలికాన్పునకు పుట్టింటికి వచ్చుట మన ఆచారము. కాన్పునకు విజయవాడ పోయి, పురుడు జి.కొండూరు మండలములోని పుట్టింట గడపి, మూడవ నెలలోనో ఐదవ నెలలోనో జగ్గయ్యపేట వైపు అత్తవారింటికి పోవు పిల్లకు మూడు చోట్ల ముగ్గురు కార్యకర్తలు. గర్భవతిగ ఆమెను ఎరిగినవారు ఒకరు, బాలింతగ చూచినవారు మరియొకరు. తల్లీబిడ్డల రక్షణ పుస్తకమును వెంట తీసికొనిపోయినచో ఈ చిక్కు కొంత తీరును.

ఇట్టి సహాయమునకు ఫలితముండునా? హర్యానాలో నీతా భండారి మున్నగువారు అంగన్‌వాడీ కార్యకర్తలకు, దాయీలకు, ఏఎన్ఎంలకు శిక్షణ నిచ్చి పరీక్షించిరి. 2003లో ప్రచురితమైన ఆ పరిశోధనలో మూడు నెలల వయస్సున కేవలము తల్లిపాలే త్రాగుచున్న పిల్లలు శిక్షణ గల గ్రామములలో నూటికి 79, లేని గ్రామములలో 48. అతిసారము కూడ తగ్గినది. క్రొత్త ఆసుపత్రి కట్టలేదు. ఉన్నవారికే పని నేర్పిరి.

మన మెట్ట ప్రాంతపు ఎండలలో “బిడ్డకు నాలుక ఎండుకొనిపోవును, కొంచెము నీళ్లు పట్టండి” అను సలహా మాట కూడ చెప్పవలెను. తల్లిపాలలో నూటికి 87 వంతులు నీరే. రోజునకు 750 మిల్లీలీటర్లు త్రాగు బిడ్డకు సుమారు 650 మిల్లీలీటర్ల నీరు అందుచున్నదని విద్యార్థులే లెక్క కట్టవచ్చును. అదిగాక గేదెపాలలో మాంసకృత్తులు, ఖనిజ లవణములు తల్లిపాలలోకంటె మూడు నాలుగు రెట్లుండును. వానిని విసర్జించుటకు మూత్రపిండములకు అధికముగ నీరు కావలెను. తల్లిపాలకు ఆ బెడద లేదు. వేడి, పొడి వాతావరణములో గూడ తల్లిపాలే త్రాగు శిశువులకు వేరుగ నీరు అక్కరలేదని ఆల్మ్రోత్, బిడింగర్ అనువారు భారతదేశములో చేసిన పరిశోధన 1990లో తేల్చినది. దప్పిక తీర్చవలసినది తల్లికి. పథ్యము పేరిట బాలింతకు మంచినీళ్లు తగ్గించుట మానవలెను.

తల్లి సరిగ తినకున్న పాలు పడవా? ఈ ప్రశ్నను మన దేశమున సి. గోపాలన్ పరిశీలించి, పేద సమాజములలోని తల్లుల పాలను గూర్చి 1958లో ప్రచురించెను. అరకొర తిండి తిను తల్లులు గూడ రోజునకు 400 మొదలు 600 మిల్లీలీటర్ల పాలిచ్చుచుండిరి. కాని అది తల్లి ఒంటినుండి కరిగి వచ్చినదే. పాలు వచ్చుచున్నవి గదా యని ఆమె కంచము చిన్నది చేయుట అన్యాయము.

నిజముగనే పాలు చాలని తల్లులు కొందరు గలరు. మాయ ముక్క లోపల నిలిచిపోయినను, థైరాయిడ్ లోపమున్నను, రొమ్మునకు పూర్వము శస్త్రచికిత్స జరిగినను అట్లు కావచ్చును. వారిని “ప్రయత్నించు, వచ్చును” అని నిందించినట్లు మాటలాడరాదు. కొలత బిడ్డయే. అయిదవ దినమునుండి రోజునకు ఆరు మారులైనను మూత్రము పోయవలెను. తొలి దినములలో తగ్గిన బరువు రెండు వారములలో తిరిగి రావలెను. తరువాత నెలకు అరకిలో తగ్గకుండ పెరుగవలెను. మూత్రము తగ్గి, మగతగ పడియుండి, చీకుటకు లేవని బిడ్డను ఆ పూటనే ఆసుపత్రికి తీసికొనిపోవలెను. అచ్చట వైద్యుడు పైపాలు అవసరమన్నచో అది మందు వంటిది. తల్లి ఓటమి కాదు.

పత్తి తీతకు, మిరప కోతకు పోవు తల్లి సంగతి మిగిలియున్నది. చట్టప్రకారము లభించు 26 వారముల ప్రసూతి సెలవు ఆమె చేనివరకు రాదు. శుభ్రమైన చేతులతో పాలు పిండి మూత గల స్టీలు గిన్నెలో ఉంచి పోవచ్చునని ఆమెకు చెప్పువారు అరుదు. 25 డిగ్రీల వేడిలో అవి నాలుగు గంటలు చెడవు. మన వేసవిలో అంతసేపు నమ్మరాదు. పిండుట నేర్పుటకు ఒక్క పూట చాలును. ఆ పాలను పట్టుటకు సీసాయు అక్కరలేదు. అమ్మమ్మ గూటిలోని ఉగ్గుగిన్నెను వేడినీళ్లలో మరగించి వాడినచో చాలును. నెలలు నిండక పుట్టిన శిశువులకు ఆసుపత్రులలో నర్సులు పాలు పట్టునది అటువంటి ముక్కు గల చిన్న గిన్నెతోనే.