వంగ క్షామము - పత్రికల మౌనము

1943లో వంగదేశమున లక్షలాది ప్రజలు ఆకటిచే మరణించుచుండగా ప్రభుత్వము క్షామమును ప్రకటింపనేలేదు. ఆ ఒక్క మాట పలికినచో క్షామ నిబంధనల ననుసరించి సహాయము చేయవలసిన బాధ్యత తలకెక్కును. యుద్ధకాలమున అసత్యమును చాటుటకంటె సత్యమునకు పేరు పెట్టకుండుటయే అధికారులకు సులభోపాయముగా తోచెను.

ధాన్యపు బేరము నెరిగిన మన పాఠకులకు ధరలే సాక్ష్యము చెప్పగలవు. కలకత్తాలో 1942 డిసెంబరున మణుగు బియ్యము 13, 14 రూపాయలు పలికెను. 1943 మే నెలకు అది 30 రూపాయలు దాటెను. (వంగదేశపు మణుగు మన మణుగునకు మూడింతలకంటె హెచ్చు.) భూమిలేని కూలివాడును, జాలరియు ఈ ధరకు కొనుటెట్లు? బర్మా జపాను వశమగుటతో అచ్చటి బియ్యము రాక నిలిచెను. శత్రువునకు దక్కరాదని తీరప్రాంతమున పదిమందిని మోయగల పడవలను సర్కారు పట్టుకొనెను, పాడుచేసెను. 1942 అక్టోబరు 16న తుపాను మిడ్నపూరు జిల్లాను ధ్వంసము చేసెను. ఇంత జరిగినను, కొఱత లేదనియు, దోషమంతయు దాచుకొన్నవారిదే యనియు ప్రభుత్వ ప్రచారము సాగుచుండెను.

పత్రికల సంగతి యేమి? భారత రక్షణ నిబంధనలు మెడమీది కత్తివలె నుండెను. 1942 ఆగస్టు ఉద్యమమునాడు జాతీయ పత్రికలకు పట్టిన గతి మన పాఠకు లెరుగనిది కాదు. స్వదేశీయుల పత్రికలు వ్రాయగలిగినంత వ్రాసినను దొరలకు అది పక్షపాతముగనే తోచెను. ఆంగ్లేయుల యాజమాన్యమున నున్న 'స్టేట్స్‌మన్' సైతము, ప్రజలు బెదరుదురను అధికారుల మాట మన్నించి, తొలి నెలలలో చాలవఱకు మిన్నకుండెను.

దాని సంపాదకుడు ఇయాన్ స్టీఫెన్స్. కలకత్తా వీధులలోనే శవములు పడియుండుట చూచి ఆయనకు ఈ మౌనము దుస్సహమయ్యెను. సెన్సారు నియమములు వ్రాతను కట్టడి చేసినట్లు ఛాయాచిత్రములను కట్టడి చేయలేదని ఆయన గ్రహించి, ఛాయాగ్రాహకులను వీధులకు పంపెను. వారు తెచ్చినవానిలో అచ్చువేయుటకు మనసొప్పనివే పెక్కు. ఆగస్టు 22, ఆదివారమునాడు కొన్నింటిని, మరుసటి వారము మరికొన్నింటిని ప్రచురించెను. అంతవఱకు అంకెలతో వాదించుచుండిన ఢిల్లీకిని, లండనుకును ఆ బొమ్మలతో వాదించుట సాధ్యము కాలేదు. అక్టోబరు సంపాదకీయములలో ఆయన ఇండియా మంత్రి అమెరీ నే విమర్శించెను. ఆ నెలలోనే వైస్రాయి పదవికి వచ్చిన వేవెల్ కలకత్తా వెళ్లి సహాయకార్యమునకు సైన్యమును నియోగించెను.

స్టీఫెన్స్‌ను మెచ్చుటకు మనకు సంకోచము లేదు. కాని ఆ బొమ్మలు మే నెలలోనే వెలువడియుండినచో నెందఱు బ్రతికియుందురో! విచారణసంఘము 1945లో మృతుల సంఖ్య సుమారు 15 లక్షలనెను; తరువాతి పరిశోధకులు 30 లక్షల వఱకు లెక్కించిరి. అందు సగమునకు పైగా, అంటురోగముల మూలమున, 1943 గడచిన పిమ్మటనే మరణించిరి.

ప్రభుత్వమునకు బొమ్మల శక్తి అప్పటికి బోధపడియుండెను. చిత్తప్రసాద్ అను చిత్రకారుడు ఆ యేటి నవంబరున మిడ్నపూరు పల్లెలలో తిరిగి, కన్నది గీసి, 'హంగ్రీ బెంగాల్' అను చిన్న పుస్తకము వెలువరించెను. సర్కారు దాని ప్రతులను, సుమారు 5,000, జప్తుచేసి నాశనము చేసెను. కుటుంబమువారు దాచిన ప్రతినుండియే, దశాబ్దముల పిమ్మట, అది మరల అచ్చయినది.